ఒక పట్టీ ఎక్కువ

మోటారు కింద దెబ్బను ఆపే ఉక్కు కమాన్ల గురించి నాకు తెలియనిది లేదని అనుకున్న రోజులవి. అప్పటికి నాకు ముప్ఫై దాటలేదు. సికింద్రాబాదులో ఒక మోటారు షెడ్డులో ఎనిమిది నెలలు పనిచేసి శామీర్‌పేటకు తిరిగి వచ్చాను. ఆ ఎనిమిది నెలల్లో నేర్చుకున్నదెంతో, నేర్చుకున్నానని అనుకున్నదెంతో ఇప్పుడు చెప్పగలను గాని, అప్పుడు ఎవడైనా ఆ మాటంటే మీదికి పోయేవాణ్ణి. తా పట్టిన కుందేటికి మూడే కాళ్లనే రకం. "అందరు పిల్లలు పుట్టంగ ఏడుస్తరు. నువ్వు పుట్టంగనే మంత్రసానిని బెదిరిచ్చినవ్" అని అమ్మ నన్ను ఆట పట్టించేది.

మా ఇంటి ముందు రేకుల కింద ఒక పాత గుడ్డ టాపు మోటారు ఉండేది. మా నాయిన ఒక మిషను దొర దగ్గర డ్రైవరు. యుద్ధం మొదలయ్యాక దొర ఓడెక్కి వెళ్లిపోతూ ఆ బండిని నాయిన చేతిలో పెట్టి పోయాడు. రెండేళ్లకు నాయిన కూడా పోయాడు. బండి నాకు మిగిలింది. ఊళ్లో మా వాడవాళ్ల మాట ఎవరూ లెక్కచేసేవారు కాదు. పెద్దిళ్ల ముందు చెప్పులు చేతపట్టుకుని నడిచే బతుకు మాది. మోటారు దగ్గర మాత్రం పటేలు కొడుకైనా సరే నా మాట వినాల్సిందే. ఆ గర్వం నా తలకెక్కింది.

ఆ ఏడు చలి మొదట్లో అమ్మ అటక మీది పిడకలు దించబోయి నిచ్చెన మీంచి జారింది. తుంటి ఎముక విరిగింది. కట్లు కట్టే అతను వెదురు బద్దలు పెట్టి కట్టాడు. రెండు నెలలైనా అతకలేదు. పట్నం నుంచి వచ్చిన కాంపౌండరు కూడా చూసి, ఈ వయసులో ఇక అతకదని, కదిలించకుండా చూసుకొమ్మని చెప్పి వెళ్లాడు. దిండ్లు ఆనించి కూర్చోబెడితే అమ్మ కాసేపు కూర్చోగలిగేది. మంచం కోడు ఎవరికైనా తగిలితే చాలు, ఆమె కేక వీధి చివరికి వినబడేది.

అటువంటి మనిషి ఒకరోజు నన్ను పిలిచి, "నన్ను సంస్కారపు ఐతారం నాడు మేడ్చల్ తీస్కపో" అంది.

ఈ మాట వెనక ఉన్నది చెప్పాలి. మేడ్చల్‌లో అమ్మకు ఒక చెల్లెలు ఉంది, నాకు చిన్నమ్మ. నాకు మూడేళ్లప్పుడు మేడ్చల్‌లో గత్తర, అంటే కలరా, తగిలింది. చిన్నమ్మ భర్త ఒక్కరోజులో పోయాడు. చిన్నమ్మ ఏడాది పిల్లను చంకనేసుకుని ఎనిమిది మైళ్లు నడిచి శామీర్‌పేటకు, అక్క ఇంటికి వచ్చింది. నాయిన దొరతో ఊరికి పోయి ఉన్నాడు. అమ్మ నన్ను ఎత్తుకుని తలుపు వెనక నిలబడిందట. చిన్నమ్మ "అక్కా, అక్కా" అని పిలిచినంతసేపూ పిలిచి, అరుగు మీద కాసేపు కూర్చుని, వచ్చిన దారినే వెనక్కి పోయింది. రెండు రోజులకు ఆ పిల్ల పోయింది. తలుపు తీసినా పిల్ల బతికేది కాదని అందరూ అన్నారు. అయినా అమ్మ తలుపు తియ్యలేదన్నది నిజం. ఆ రోజు ఆమె చంకలో క్షేమంగా ఉన్నవాణ్ణి నేను.

ఆ తర్వాత ఇరవై ఆరేళ్లు అక్కచెల్లెళ్లు మాట్లాడుకోలేదు. ఇద్దరూ మేడ్చల్‌లోని ఒకే చర్చికి వచ్చేవాళ్లు. ఆడవాళ్ల వైపు చాపల మీద ఈమె ఒక మూల, ఆమె ఒక మూల. నెలలో మొదటి ఆదివారం పాస్టరు అయ్యగారు ప్రభువు సంస్కారం, అంటే రొట్టె, ద్రాక్షరసం ఇచ్చేవారు. ఎవరితోనైనా పగ ఉన్నవాళ్లు ముందు వాళ్ల దగ్గరికి పోయి సమాధానపడాలి, ఆ తర్వాతే ముందుకొచ్చి రొట్టె అందుకోవాలి. అది మా చర్చి కట్టు. అందరూ లేచి ముందుకు పోతుంటే అమ్మ చాప మీదే తల దించుకుని కూర్చునేది. ఇరవై ఆరేళ్లు అట్లాగే కూర్చుంది. నడవగలిగినన్నాళ్లు పది చాపల అవతలికి పోలేని మనిషికి, లేవలేని రోజు వచ్చాక ఆ పని మీద మనసైంది.

అయ్యగారికి కబురు పెడితే, ఇంటికే సంస్కారం తెస్తానన్నారు. అమ్మ ఒప్పుకోలేదు.

"రొట్టె ఇంటికొస్తది. నా చెల్లె వస్తదా?"

"అయితె చిన్నమ్మకే కబురంపుదాం. వస్తదేమో" అంది నా భార్య.

"తలుపు మూసింది నేను. ఇగ తెరిసేతందుకు గూడ ఆమెనే రమ్మనాల్నా? నేనే పోవాలె. పోయి ఒక్క మాట అడుగుత. క్షమించు చెల్లె అని అడిగితె చాలు. అటెన్క నేనెట్ల పోయినా మంచిదే" అంది అమ్మ.

మొదటిసారి బండి మీద పోదామనుకున్నాం. మా వాడ పక్కనే ఒక సాయిబు పొలం ఉండేది. ఆ సాయిబును చిచ్చా అని పిలిచేవాణ్ణి. ఆయన ఎడ్లబండి తెచ్చి మూరెడు మందాన వరిగడ్డి పరిచి, పైన బొంత వేశాడు. ఊరు బయట మొదటి మోరీ, అదే రోడ్డు కింది తూము, కూడా దాటలేదు. చక్రం రాయెక్కి దిగింది. అమ్మ ఒక్క అరుపు అరిచి స్పృహ తప్పింది. అట్లాగే వెనక్కి తిప్పాం.

"నలుగురం మంచం ఎత్తుకుని పోదాం బేటా. ఎనిమిది మైళ్లు ఏం జాస్తి? ఆగుకుంట ఆగుకుంట పోతె దుపార్‌కల్లా దిగుతం. పరేషాన్ కాకు" అన్నాడు చిచ్చా.

అప్పటికి తెప్పరిల్లిన అమ్మ విని తల అడ్డంగా ఊపింది. "నల్గురు మోసేది ఒక్కటే సారి తమ్మీ. అది ఎట్లయినా ఉండనే ఉన్నది. నా చెల్లె ముంగటికి నేను పీనుగ లెక్క పోను."

అమ్మను ఒప్పించవచ్చు. రెండు రోజులు బతిమాలితే ఒప్పుకునేదే. నేను బతిమాలలేదు. ఇంట్లో మోటారు పెట్టుకుని మా అమ్మను మంచం మీద మోయించుకుపోతే నా పరువేం కావాలని అనిపించింది. "ఎవరు మొయ్యనక్కర లేదు. నేను మోటార్ల తీస్కపోత. కడుపుల సల్ల కదలకుంట తీస్కపోత" అన్నాను. ఆ మాటకు అమ్మ ముఖం వెలిగింది. ఆ వెలుగు తలచుకుంటే ఇప్పటికీ నన్ను నేను చెప్పుతో కొట్టుకోవాలనిపిస్తుంది.

బండి కదిలేదే గాని, దాని కమాన్లు ఏనాడో చచ్చాయి. కమాన్ కట్టంటే ఉక్కు పట్టీలు ఒకదాని మీద ఒకటి, పొడుగుది పైన, పొట్టిది కింద పేర్చి నడిమిన బోల్టు బిగించినది. చక్రం గుంటలో పడితే ఆ పట్టీలు వంగి దెబ్బను మింగాలి. మా బండికి వెనక కుడివైపు కట్టలో ఏడు పట్టీలకు మూడు విరిగాయి. విరిగిన చోట చెక్కదిమ్మ దూర్చి తాళ్లతో కట్టి రెండేళ్లు లాగించాను. ఎడమవైపువి విరగలేదు గాని వంపు పోయి బల్లపరుపుగా అయ్యాయి. పట్టీల చివర్లు ఆడే పిన్నులు అరిగిపోయి, బండి పోతుంటే వెనక భాగం బాతులా ఊగేది.

జాకీ లేదు. వేపదూలం మీటుగా పెట్టి నలుగురం ఎత్తి, చట్రం కింద బండరాళ్లు పేర్చాం. చక్రాలు ఊడదీశాను. నట్లు తుప్పుపట్టి కదలకపోతే కిరసనాయిలు గుడ్డలు చుట్టి రెండు రోజులు వదిలేశాను. కంట్రోలు రోజుల్లో దీపానికే దొరకని కిరసనాయిలు అది. రెండు రాత్రులు ఇంట్లో ఆముదం దీపం పెట్టుకున్నాం. బొటనవేలంత ఉండాల్సిన పిన్నులు చిటికెన వేలంతయ్యాయి. పట్టీలు ఒక్కొక్కటే విప్పి, ఇటుకముక్కతో తోమి, ఏది ఎక్కడిదో తెలిసేలా సుద్దతో గీతలు పెట్టాను.

అమ్మ మంచం గడప దగ్గరికి జరిపించుకుని నా పని చూస్తూ ఉండేది. ఊడదీసినదల్లా తెచ్చి ఆమెకు చూపేవాణ్ణి. తోమిన పట్టీని చేతిలో పెడితే నిమిరి నిమిరి చూసింది.

"గీ ఇంత ఇనుమేనా నన్ను మోసేది?"

"గదే. గుంటల పడ్డప్పుడు గది వంగుతది, నీకు తెల్వది."

"మల్ల విరిగింది గదరా."

"గది పాతది. నేను చేసేది విరగదు."

అప్పుడే నాకు భయం పట్టుకోవాల్సింది. పట్టలేదు.

విరిగినవాటికి బదులుగా పాత ఉక్కు ముక్కలు సంపాదించి తుర్కపల్లి దారిలో ఉన్న కమ్మరి తాత దగ్గరికి తీసుకుపోయాను. డెబ్బై ఏళ్ల మనిషి. నాగళ్లూ గొడ్డళ్లూ ఆయన చేతిలో పుట్టాల్సిందే. మేం కొలిమి పాకలోకి పోకూడదు. తెచ్చిన ఇనుము నేను బయట నేల మీద పెడితే ఆయన మీద నీళ్లు చల్లి పట్టుకారుతో తీసుకునేవాడు. నేను బయట ఎండలో నిలబడి, ఎట్లా చెయ్యాలో కేకలేసి చెప్పేవాణ్ణి. కావాలనే గట్టిగా కేకలేసేవాణ్ణని ఇప్పుడు ఒప్పుకుంటాను.

ఆయన పట్టీలను ఎర్రగా కాల్చి, పాత పట్టీ వంపు చూసుకుంటూ సమ్మెటతో సాగగొట్టాడు. అంతా అయ్యాక నన్ను అడిగాడు.

"నాకు కమాన్లు తెల్వవు బిడ్డా, ఇనుము తెల్సు. గొడ్డలిని ఎర్రగ కాల్చి నీళ్లల్ల ముంచుత. ముంచినంక మల్ల జరంత సెగ సూపిస్త. ఆ సెగ తాకకుంటె అంచు పెంకు లెక్క పలుగుతది. వీటికి గూడ గట్లనే చెయ్యాలె. ఒక్కొక్కదానికి చాన సేపు పడ్తది. రేపు రా."

నాకు రేపటిదాకా ఆగే ఓపిక లేదు. సంస్కారపు ఆదివారం ఆరు రోజుల్లో ఉంది. షెడ్డులో పట్టీలను కాల్చి ముంచడం నా కళ్లారా చూశాను. ముంచాక మళ్లీ సెగ చూపడం నేను చూడలేదు. చూడలేదు కాబట్టి లేదన్నాను.

"ఇది గొడ్డలి కాదు తాతా, మోటారు. షెడ్డుల నేను సూసిన. ముంచు, సాలు. జల్దీ కానియ్యి."

తాత పట్టుకారు అందుకున్నాడు. "దొర బండి తోలినోడివి. నీ ఇష్టం" అని ముంచాడు. నీళ్లు సుయ్యిమన్నాయి. నాకది విజయంలా వినబడింది.

ఇంటికి తెచ్చి బిగించాను. కొత్త పిన్నులు, కొత్త బుష్షులు, పట్టీల మధ్య గ్రీజు. అమ్మ బరువుకు సరిపడా రాళ్లు గోనెసంచుల్లో నింపి వెనక సీటులో పెట్టి చెరువు కట్ట వైపు తోలాను. బండి నిజంగానే మెత్తగా పోయింది. ఊగలేదు, మూలగలేదు. నాలో నేను మురిసిపోయాను. కట్ట దిగే చోట గుంటలో వెనకచక్రం పడగానే తుపాకి పేలినట్టు చప్పుడైంది. కుడివైపు కూలబడింది. దిగి చూస్తే అన్నిటికంటే పైన ఉండే కొత్త పెద్దపట్టీ రెండు ముక్కలైంది. విరిగిన చోట ఇసకరాయిలా గరుకుగా మెరుస్తోంది.

ఆ గుంట పక్కన కూర్చుని ఏడ్చాను. అది అమ్మ ఎక్కినప్పుడు విరిగి ఉంటే ఏమయ్యేదోనని మళ్లీ మళ్లీ అనుకున్నాను. తాత మాట విననందుకు నన్ను నేను తిట్టుకోవాల్సింది పోయి, ఇక నుంచి విరగడమన్నదే ఉండకూడదని ఒట్టు పెట్టుకున్నాను. నా బుద్ధి ఎప్పుడూ అంతే. దెబ్బ తగిలిన చోట ఆలోచించను, అరుస్తాను.

ఆ ఆదివారం పోయింది. "పోనియ్యి తియ్యి. వచ్చే నెల పోదం" అంది అమ్మ. అప్పటికి ఆమె వీపున పుళ్లు మొదలయ్యాయి. రోజూ సాయంత్రం ఒళ్లు వెచ్చగా ఉండేది. నెల రోజులు ఆగగలదా అని నా భార్య కళ్లతో అడిగేది. నేను కళ్లు తిప్పుకునేవాణ్ణి.

మేడ్చల్ దారిలో తిరగబడ్డ ఒక మిలిటరీ లారీ కమాన్ పట్టీలు పాతసామాన్ల సాయిబు దగ్గర ఉన్నాయని తెలిసి, పోయి భుజాన మోసుకుని తెచ్చాను. వేలెడు మందం పట్టీలు. టన్నులు మోసిన ఉక్కు. వీటికి పదును పెట్టనక్కర్లేదు, ముంచనక్కర్లేదు, చివర్లు మాత్రం కాల్చి పొడుగు తగ్గించి చిల్లులు వేసుకుంటే చాలు. మళ్లీ కొలిమి దగ్గరికి పోయాను. ఆ రోజు కొలిమి చల్లగా ఉంది. తాత అరుగు మీద స్నానం చేసి కూర్చున్నాడు.

"ఇయ్యాల అమాస. మా కులపోల్లం అమాసకు కొలిమి ముట్టియ్యం."

"మా అమ్మ చావుబతుకుల్ల ఉంటె అమాసేంది తాతా!" అని అరిచాను.

"నీకు ఐతారం ఎట్లనో మాకు అమాస గట్ల. రేపు పొద్దుగాల్నే రా. నీ పనే ముందు చేస్త" అన్నాడు ఆయన, ఏ కోపం లేకుండా.

అన్నట్టే మర్నాడు ముందు నా పనే పట్టుకున్నాడు. ఉక్కు గట్టిది. ఒక్కో పట్టీ కత్తిరించడానికి ఒక పూట పట్టింది. ఆయన కొడుకు సమ్మెట కొట్టలేక చేతులు పొక్కులెక్కించుకున్నాడు. ఏడు పట్టీలయ్యాక నేను ఎనిమిదోది కూడా నేల మీద పెట్టాను.

"పాతదాంట్ల ఏడే ఉండె గద?"

"ఇంకోటెక్కువ ఉండనీ. విరగకుంట ఉంటది."

తాత పట్టీని పట్టుకారుతో ఎత్తి, వంచబోయి, నవ్వాడు. "బిడ్డా, గిది లారి ఇనుము. నీ బండి ఎంత, గీ ఇనుమెంత? ఏడే మస్తయితయి. అసలైతె అయిదు సాలు. వంగనిదాన్ని కమానంటరా?"

"ఒక్కపారి నీ మాట ఇనక విరిగింది. ఇప్పుడు నా మాట ఇను. విరగొద్దు, గదొక్కటే నాకు కావాలె."

ఆయన ఎనిమిదోదీ కొలిమిలో పెట్టాడు. రెండువైపులా ఎనిమిదేసి పట్టీలు తయారయ్యాయి. బిగించేటప్పుడు నలుగురం మీటు మీద వేలాడితే గాని పిన్నులు దూరలేదు. బండి వెనక భాగం జానెడు పైకి లేచి నిలబడింది. అది చూసి వాడలో అందరూ భేష్ అన్నారు. నా భార్యను ఎక్కించుకుని ఊరు చుట్టి వచ్చాను. దిగి నడుము పట్టుకుంది.

"నా ఎముకలు కదిలినయి. చెక్కదిమ్మ పెట్టిన్నాడే నయముండె."

"కొత్తయి గద, నడుస్తుంటె మెత్తబడ్తయి. గీ మాట అమ్మ ముంగట అనకు" అన్నాను. ఆమె అనలేదు. నేను చెప్పినట్టే అనలేదు.

ఆదివారం పొద్దున్నే బయల్దేరాం. కూపన్ల పెట్రోలు రెండు నెలలుగా దాచి పెట్టాను. అమ్మ తెల్లచీర కట్టించుకుంది. తల దువ్వించుకుంది. వెనకసీటు మీద పరుపు వేసి, ఆమెను చంటిపిల్లను ఎత్తినట్టు ఎత్తి పడుకోబెట్టాం. నా భార్య ఆమె తల ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నేను మెల్లగా పోనిచ్చాను. మొదటి మోరీ దగ్గర, అదే, ఎడ్లబండి మీద స్పృహ తప్పిన చోట, వెనక్కి తిరిగి అడిగాను.

"నొప్పున్నదా అమ్మా?"

"లే కొడుకా. తొట్టెల్ల ఊపినట్టున్నది. నువ్వు మంచిగ చేసినవ్."

నేనది నమ్మాను. ముందు సీట్లో నా పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి, స్టీరింగు చేతుల్లో అదురుతోంది, అయినా నమ్మాను. నమ్మాలని నాకు అంత ఆశ. నమ్మి, ఆలస్యమవుతుందని బండి జోరు పెంచాను. నా భార్య "జర మెల్లగ పోరాదు" అంటే, "ఆమెకు లేని బాధ నీకేంది?" అని కసిరాను. సగం దారిలో మళ్లీ అడిగాను. అమ్మ మాట్లాడలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, రెండో చెయ్యెత్తి పోనియ్యమన్నట్టు ఊపింది. దుమ్ముకు అడ్డం పెట్టుకుందనుకున్నాను. పాట అందుకున్నాను కూడా.

చర్చి దగ్గర నలుగురు పెద్దలు వచ్చి కుర్చీలో కూర్చోబెట్టి ఆమెను లోపలికి తీసుకుపోయారు. ఆమె ముఖం పాలిపోయి ఉంది. కొంగు నోటి మీంచి తియ్యలేదు. ఏడుస్తోందనుకున్నాం. నేను వాకిలి దాకా పోయి, మళ్లీ బండి దగ్గరికి వచ్చాను. దారిలో కుడివైపు ఏదో చప్పుడు వినబడినట్టైంది. తెల్లచొక్కాతోనే బండి కిందికి దూరాను. ఒక్కో పట్టీ వేలితో తట్టి చూశాను. ఒక్కటీ విరగలేదు. ఒక్క బీటా లేదు. నట్టు ఒకటి అర చుట్టు వదులైతే బిగించాను. లోపల పాట పాడుతున్నారు. నేను కింద వెల్లకిలా పడుకుని, ఎంత గట్టిగా చేశాను అని నా పనిని చూసుకుని మురుస్తూ ఉన్నాను. ఆ రెండు నెలల్లో నాకు హాయిగా అనిపించింది ఆ కాసేపే. అంతకంటే సిగ్గుచేటు నా బతుకులో ఇంకొకటి లేదు.

లోపల జరిగింది నా భార్య తర్వాత చెప్పింది. సంస్కారానికి ముందు అయ్యగారు, ఎవరితోనైనా పగ ఉంటే ఇప్పుడే పోయి సమాధానపడండని చెప్పారు. అమ్మ కుర్చీలోంచి చెయ్యి చాపింది. చర్చిలో అందరూ అది చూశారు. చిన్నమ్మ తన చాప మీంచి లేచి వచ్చి అమ్మ ఎదుట నిలబడింది. ఇరవై ఆరేళ్ల తర్వాత నిలబడింది. అమ్మ నోటికి కొంగు అదిమి పట్టుకుని ఆమెనే చూస్తోంది. గొంతులోంచి ఏదో మూలుగు వచ్చింది గాని మాట రాలేదు. తల అడ్డంగా ఊపింది. చిన్నమ్మ ఒక చరణం పాడినంతసేపు నిలబడి, తిరిగిపోయి తన చాప మీద కూర్చుంది. అయ్యగారు రొట్టె తెస్తే అమ్మ అది కూడా వద్దని సైగ చేసింది. అందరికీ ఒకటే అర్థమైంది, పంతం చావలేదని. నా భార్యకూ అట్లాగే అనిపించిందట, ఆఖరి నిమిషంలో అమ్మకు మనసు రాలేదని.

నేను లోపలికి వచ్చేసరికి చిన్నమ్మ వెళ్లిపోయింది.

ఇంటికి తెచ్చి పడుకోబెట్టాక నా భార్య నీళ్లు తాగించబోయి కెవ్వుమంది. కొంగు లోపలి మడతలు నెత్తురుతో అట్టకట్టి ఉన్నాయి. నోరు తెరిపించి చూశాం. నాలుక పక్కన పళ్లు దిగిన గాటు సగం దాకా ఉంది. వాచి నోరంతా నిండి ఉంది. ఏదో గుంట దగ్గర బండి ఎగిరిపడినప్పుడు, కేక బయటికి రాకుండా బిగపట్టిన నోట్లో నాలుక పళ్ల మధ్య పడింది. తను అరిస్తే నేను నొచ్చుకుంటానని అరవలేదు. ఏ ఒక్క మాట కోసం పోయిందో ఆ మాటకు నోరు లేకుండా నేనే చేశాను.

అమ్మ చెయ్యెత్తి మేడ్చల్ దిక్కు చూపించింది. నేను ఆ చెయ్యి పట్టుకుని, "మల్ల తీస్కపోత అమ్మా. మూడు పట్టీలు తీసేస్త. ఈపారి నిజంగనే మెత్తగ ఉంటది. వచ్చే నెల పోదం" అన్నాను. ఆమె ఇంకా ఏదో చెప్పాలని చేత్తో రెండు మూడుసార్లు చూపించి, నాకు అర్థం కావడం లేదని చెయ్యి దించేసింది. మళ్లీ తీసుకుపొమ్మందో, చెల్లెల్ని పిలుచుకు రమ్మందో, ఆ రోజుకూ ఈ రోజుకూ నాకు తెలియదు. నాకు తెలిసిన పని ఒకటే ఉంది. మర్నాడే బండిని మళ్లీ రాళ్ల మీదికి ఎత్తి చక్రాలు ఊడదీశాను.

జ్వరం ఎక్కువైంది. గంజి నీళ్లు కూడా లోపలికి పోలేదు. రోజంతా నేను బండి కిందే. పిన్నులు రావు, గట్టిగా దూర్చినవి కదా. మీటు పెట్టి కొడుతుంటే ఆ చప్పుడు అమ్మకు వినబడుతూనే ఉండేది. నా కొడుకు పని చేస్తున్నాడని ఆమె అనుకుని ఉంటుందని నాకు నేను చెప్పుకున్నాను. తొమ్మిదో రోజు మధ్యాహ్నం నా భార్య వచ్చి నా కాలు పట్టి లాగింది. బయటికి వచ్చి ఆమె ముఖం చూశాను. అడగాల్సిన పని లేకపోయింది.

సమాధి దగ్గరికి చిన్నమ్మ వచ్చింది. అందరూ మట్టి వేసి కదిలాక కూడా అక్కడే నిలబడి ఉంది. కంట్లో తడి లేదు. నేను దగ్గరికి పోతే నా వైపు చూడకుండానే అంది.

"ఇరవై ఆరేండ్లు ఆ నోటి దిక్కే సూసిన. పిల్సినట్టు చెయ్యి సాపి, ముంగట నిలవెట్టి, ఒక్క మాట అనకపాయె."

అప్పుడు చెప్పాను. కమాన్ల సంగతి, దారి సంగతి, నాలుక సంగతి, ఏ మాట అడగడానికి వచ్చిందో ఆ సంగతి, అన్నీ చెప్పాను. వింటూ వింటూ చిన్నమ్మ ఆ మట్టిలోనే కూలబడింది. తలెత్తి అడిగింది.

"అటెన్క ఎన్ని దినాలు బతికింది?"

"తొమ్మిది దినాలు."

"ఆ తొమ్మిది దినాలు నువ్వేం జేసినవ్ కొడుకా?"

"కమాన్లు ఇప్పిన చిన్నమ్మా."

ఆమె నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. నా చేతుల వైపు చూసి, మెల్లగా అంది. "ఎనిమిది మైళ్లే గదరా. నడ్సుకుంట వచ్చి నాకు చెప్తె ఉరికొద్దును గద."

ఆ తొమ్మిది రోజులూ నా కాళ్లు బాగానే ఉన్నాయి.